ముఖం చెక్కేటప్పుడు కూడా లేవమన్న గురువు

మా గురువుగారు పోయారన్న కబురు వచ్చినప్పుడు నేను పాయిఖానాలో ఉన్నాను. మా ఆవిడ తలుపు దబదబా కొట్టి, "ఇగో, మీ గురువు పోయినాడంట. నంద్యాల నుంచి ఫోన్ చేసినారు" అంది. సరిగ్గా అప్పుడే నేను కిందికి చూస్తున్నాను. ఆ పొద్దు కూడా ఎరుపే కనబడింది. గడియ తీయడానికి చెయ్యి రాలేదు. లోపలే ఏడ్చాను. ఆ ఏడుపులో ఆయన కోసం ఎంతో, నా భయం ఎంతో ఇప్పటికీ చెప్పలేను.

పెద్దమనిషిని తలుచుకుంటూ ఈ మాటలేమిటని చదివేవాళ్లు ముక్కు మూసుకోవచ్చు. మూసుకోండి. ఆయనైతే "రాయప్పా, సిగ్గుపడితే రోగం తగ్గుతాదా?" అనేవారు.

ఆయన ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే శిల్పి. నా చేతికి ఉలి ఇచ్చింది ఆయనే. మా షెడ్డులో ముందు నుంచీ ఒక కట్టుబాటు ఉండేది. విగ్రహానికి ముఖం తీసేటప్పుడు కూర్చున్నవాడు మధ్యలో లేవకూడదు. లేచి వచ్చి మళ్లీ కూర్చుంటే చూపు మారి ఒక కన్ను పెద్దదవుతుందని పాతవాళ్ల నమ్మకం. అందుకని పొద్దున్నుంచి నీళ్లు ముట్టేవాళ్లం కాదు. దొడ్డికి వచ్చినా బిగబట్టుకునేవాళ్లం. మధ్యాహ్నం సన్నబియ్యం అన్నంలో ఎర్రకారం కలుపుకుని తినడం, మళ్లీ రాతి ముందు చతికిలబడటం. ఇట్లా ఏళ్ల తరబడి కూర్చుంటే మలబద్ధకం రాక ఏమొస్తుంది? మేం చెక్కిన దేవుళ్లంతా చిరునవ్వుతో ఉండేవాళ్లు. చెక్కినవాళ్లు మాత్రం ఒక పక్కకు ఒరిగి కూర్చునేవాళ్లు.

గురువుగారూ అట్లాగే మొలలు తెచ్చుకుని, నడివయసులో నంద్యాలలో ఆపరేషన్ చేయించుకున్నారు. పనిలోకి వచ్చిన రోజే షెడ్డు మధ్యలో నీళ్ల కుండ పెట్టించి ఆ కట్టుబాటు ఎత్తేశారు. ముఖం చెక్కుతూ నేను మెలికలు తిరిగితే చాలు, విగ్రహం కోసం వచ్చిన గుడి కమిటీ పెద్దలు ఎదురుగా ఉన్నా సరే అరిచేవారు.

"లెయ్ రా! దేవుడు యాడికీ పోడు. నువ్వు పోయిరా."

సిగ్గుతో చచ్చేవాణ్ని. అయినా లేచి వెళ్లి వచ్చి చెక్కినందుకు ఏ దేవుడి కన్నూ వంకర పోలేదు.

తిండి కూడా మార్చేశారు. ఇంట్లో కొర్రన్నం, జొన్నరొట్టె, తోటకూర, పలచటి మజ్జిగ. కారం సగానికి సగం తగ్గింది. సాయంత్రం హైవే దాకా నడిచి, మిరపకాయ బజ్జీల బండి దగ్గర కాసేపు నిలబడి వాసన పీల్చి వచ్చేవారు. "చూస్తే మొలలు రావులే" అని నవ్వేవారు. కొడుకు ఇంట్లో కుర్చీ లాంటి దొడ్డి కట్టిస్తే, మోకాళ్లు పైకి ఉండాలని కాళ్ల కిందికి రెండు రాతి పలకలు తానే చెక్కుకున్నారు. కావాలని అడిగినవాళ్లందరికీ చెక్కి ఇచ్చారు. బలవంతంగా ముక్కొద్దు, ఫోన్ పట్టుకుని లోపలికి పోవద్దు, వేడినీళ్ల తొట్టిలో కాసేపు కూర్చో అని అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పేవారు. ఆయన మాట విన్నవాళ్లలో చాలామందికి గుణం కనబడింది. నాకూ చాలాకాలం సుఖంగానే ఉండింది.

పోయిన ఎండాకాలంలో ఆయనకు మళ్లీ నెత్తురు కనబడింది. "పాతదే తిరిగి వచ్చింది" అనుకున్నారు. ఆ రోగం ఆయనకు అంత బాగా తెలుసు మరి. ఇంకాస్త మజ్జిగ, ఇంకాస్త ఆకుకూర. మనిషి చిక్కిపోతుంటే, కొర్రలు తింటే ఒళ్లు తగ్గుతుందిలే అన్నారు. మేమూ అవునన్నాం. చివరికి నంద్యాల తీసుకుపోతే, అది మొలలు కాదు, పెద్దపేగులో రాచపుండు, ముదిరిపోయింది అన్నారు.

ఆస్పత్రిలో చూడటానికి వెళ్లాను. మంచం పక్కన స్టూలు మీద కూర్చుంటే ఆయన నా ముఖం వైపు కాదు, నేను కూర్చున్న తీరు వైపు చూశారు.

"ఏందిరా, ఒరిగినావు?"

"ఏం లేదు సామీ."

"నెత్తురు పడతాందా?"

మంచం అవతల ఆయన భార్య, మేమంతా అమ్మ అని పిలిచే మనిషి, చేతిలో గ్లాసుతో అట్లాగే నిలబడిపోయింది.

"మొలలేలే సామీ. నీళ్లు తాగుతాండా. కొర్రలు తింటాండా."

"నేనూ అదే అంటి గదరా." ఆయన భయపడటం నేను చూడటం అదే మొదలు. "కొర్రలు తిను, వద్దనను. నెత్తురు పడితే మాత్రం దానికి నువ్వు పేరు పెట్టాకు. డాక్టరును పెట్టనీ."

సరేనన్నాను. డాక్టరు గది పక్క వరండాలోనే ఉంది. ఆ తలుపు ముందు నుంచే నడిచి వచ్చి ఆళ్లగడ్డ బస్సెక్కాను. తలుపు తోస్తే ఏం వినాల్సి వస్తుందోనని భయం. ఆ తర్వాత తెల్లవారితే భయం. అన్నం ముందు కూర్చుంటే భయం, తింటే మళ్లీ పోవాలి కదా. చొక్కా వదులైందా అని అద్దంలో చూసుకునేవాణ్ని. మా ఆవిడకు చెప్పలేదు. అంతలోనే ఆయన పోయారన్న కబురు వచ్చింది.

దినాలు అయిపోగానే అదే ఆస్పత్రికి పోయాను. ఈసారి మా ఆవిడకు చెప్పే పోయాను. గొట్టం వేసి పరీక్ష చేస్తున్నంతసేపూ డాక్టరు తెర వైపు చూస్తుంటే, నేను ఆయన ముఖం వైపు చూశాను. ముఖాలు చూడటమే కదా నా పని. ఆ ముఖంలో ఏమీ కనబడలేదు. దాంతో ఇంకా వణికిపోయాను.

"మొలలే" అన్నాడు డాక్టరు. "లోపల ఇంకేం లేదు. మలం గట్టిపడకుండా చూసుకోండి. నీళ్లు, ఆకుకూరలు మానొద్దు. నెత్తురు ఆగకపోతే మళ్లీ రండి."

బస్టాండుకు వచ్చి ఫోన్ తీస్తే వేలు గురువుగారి నంబరు మీదికే పోయింది. అవతల మోగడం మొదలయ్యాక గానీ ఆయన లేరని గుర్తు రాలేదు. అమ్మ ఎత్తింది.

"అమ్మా, నావి మొలలేనంట."

"డాక్టరు చెప్పినాడా, నువ్వు చెప్పుకుంటాండావా?"

"డాక్టరే చెప్పినాడమ్మా. లోపలంతా చూసినాడు."

"అంతా చూసినాడా?"

"చూసినాడమ్మా."

"ఇంగొకసారి చెప్పు నాయనా."

ఆళ్లగడ్డ బస్సు హారన్ కొడుతోంది. ఆమెకు వినబడదేమోనని, చుట్టూ ఉన్న జనమంతా నా వైపు తిరిగేటట్టు గట్టిగా అరిచి చెప్పాను. అవతల అమ్మ ఏడుస్తోంది. బస్సు వెళ్లిపోయింది. ఆమె ఫోన్ పెట్టలేదు, నేనూ పెట్టలేదు.