మేనత్త చెయ్యి పడిన మంద

మొన్న వనపర్తిలో మా మనవరాలు ఒక సీసా తెచ్చి నా ముందు పెట్టి, కాచని మేకపాలట, ఒంటికి మహా బలమట, తాగు అవ్వా అంది. నేను మూత తీసి వాసన చూసి, వెలుతురుకు ఎత్తి చూసి, చివరికి గిన్నెలో పోసి పొంగి పొంగి వచ్చేదాకా కాచాను. బలమంతా పోయిందని పిల్ల అలిగింది. పోతే పోనీ. ఈ ముసలిదానికి అన్నిటి మీదా అనుమానమేనని ఇంట్లో నవ్వుతారు. నవ్వుకోనీండి, అనుమానం నాకు పుట్టింటి సొత్తు. నా ఈడు వాళ్లయితే అర్థం చేసుకుంటారు.

మా పుట్టిల్లు తెలకపల్లి పక్కన. కొంచెం మెట్ట చెలక, కొన్ని మేకలు, ఒక గొర్రెల మంద ఉండేవి. ఎండాకాలం లింగాల వైపు రైతుల పొలాల్లో ఎరువు కోసం మంద నిలిపినప్పుడు, నాయన ఆకలైతే మేక పొదుగు కింద చెంబు పెట్టి, నురుగు ఆరకముందే తాగేసి మీసం తుడుచుకునేవాడు. కాచిన పాలు రోగిష్టివాళ్లకని ఆయన మాట. నాయన చెల్లెలు, మా మేనత్త, కాన్పులు నిలవక, మొగుడు కూడా పోయాక మా ఇంటికే వచ్చేసింది. ఈనలేక అవస్థపడే గొర్రె ఉంటే ఆమెనే పిలిచేవారు. కొంగు నడుముకు చెక్కి, ఉత్త చేతులతో పిల్లను లాగి, మాయ తీసి పారేసేది. లాగబోయే ముందు గొర్రె చెవిలో, జర ఓర్సుకో తల్లీ అని గొణిగేది.

నా పెళ్లికి ముందు ఒక ఏడు మందలో గొర్రెలు ఈసుకపోవడం మొదలైంది, అంటే నెలలు నిండకుండానే చచ్చిన పిల్లలను వేసేయడం. ఆమెను కన్నతల్లి, మా నాయనమ్మే, ముందుగా ఆ మాట అన్నది.

"దాని చెయ్యి వడ్డదే ఈసుకపోతున్నది, సూడుండ్రి."

చూశాం. నిజమే అనిపించింది. అవస్థపడే గొర్రె దగ్గరికే ఆమెను పిలుస్తున్నామన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు, అయ్యో! చెవిలో గొణిగే మాట కూడా మంత్రమైపోయింది. అమ్మ ఆమె చేత వడ్డించుకోవడం మానేసింది, పక్క మందవాళ్లు ఆమె ఎదురొస్తే దారి తప్పుకునేవారు. చచ్చిన పిల్లలను మాత్రం ఎవరమూ అనుమానించలేదు. కుంట గట్టున పారేస్తే కుక్కలు వాటిని ఊరంతా ఈడ్చుకు తిరిగేవి, మందలన్నీ ఆ కుంటలోనే నీళ్లు తాగేవి.

ఆ ఏడే నాయనకు జ్వరం పట్టుకుంది. సాయంత్రానికి పెరిగి, తెల్లారేసరికి చెమటలు పోసి దిగేది, తగ్గిందనుకుంటే మళ్లీ వచ్చేది, నడుమూ కీళ్లూ పట్టుకుపోయేవి. మలేరియా బిళ్లలు పని చేయలేదు. ఇంకేముంది, అదీ అత్త మీదికే పోయింది. మొగుణ్ణి మింగింది చాలక ఇప్పుడు అన్నను మింగుతున్నదని, వచ్చే అంగడి నాటికి అత్తగారి ఊరికి పంపేయాలని నాయనమ్మ తేల్చేసింది. అక్కడ ఆమెకు కూలిన గోడలు తప్ప మనిషి లేడు.

అంతలో పశువుల డాక్టరు ఊళ్లోకి వచ్చాడు. మందను చూశాడు, చచ్చిన పిల్లలను ఎక్కడ పారేశారని అడిగాడు, ఆ వెంటనే ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తున్నదా అన్నాడు. గొడ్ల డాక్టరుకు మనుషుల జ్వరంతో ఏం పని? మందను పట్టుకుపోవడానికి సాకు వెతుకుతున్నాడని అమ్మ అనుమానం, నాదీ అదే. మా ఇంట్ల ఎవ్వరికేం లేదు సారూ అని అమ్మ అంటుండగానే లోపల గొంగడి కింద నాయన మూలుగుతున్నాడు. అప్పుడు, బట్టల మూట పక్కన పెట్టుకుని గడప దగ్గర కూర్చున్న మేనత్త లేచింది.

"అన్నకు జరమున్నది సారూ. నాకు గూడ ఉన్నది. నన్నెవ్వరు అడగలె, నేను చెప్పలె."

ఆమెను ముట్టుకోవడమే మానేశాం కదా, ఒళ్లు కాలుతున్నదని ఎవరికి తెలుస్తుంది!

ఆ పశువుల డాక్టరే ఇద్దరినీ నాగర్‌కర్నూల్ దవాఖానకు తోలుకుపోయి, అక్కడి డాక్టరుతో మాట్లాడాడు. మనుషుల నెత్తురూ గొర్రెల, మేకల నెత్తురూ పరీక్షకు పోయాయి. అమ్ముకుంటారేమోనని నాయనమ్మ శాపనార్థాలు పెట్టింది. చివరికి అన్నిటిలోనూ తేలింది ఒకటే జబ్బు. పచ్చిపాలతో నాయనకు, ఉత్త చేతులతో మాయ తీసినందుకు అత్తకు, కుంట గట్టున పారేసిన వాటితో మందలకు అంటుకుందట. వారాల తరబడి మాత్రలు మింగి ఇద్దరూ కోలుకున్నారు. నాయనమ్మ ఆ మూట విప్పి బట్టలు దండెం మీద వేసింది. తప్పయిందని మాత్రం అనలేదు.

మరుసటి ఏడు ఒక గొర్రె ఈనలేక పెనుగులాడుతుంటే నాయన, డాక్టరు ఇచ్చిన రబ్బరు తొడుగులు పట్టుకుని చెల్లెలి కోసం ఉరికొచ్చాడు. ఆమె దొడ్డి కంప దాకా వచ్చి ఆగిపోయింది. నేను రాను అన్నా, ఏమో, నా చెయ్యే మంచిది గాదేమో అంది. అది జబ్బమ్మా, నీ చెయ్యి కాదని నాయన ఎంత చెప్పినా తల ఊపిందే గాని లోపలికి అడుగు పెట్టలేదు. ఆ రోజే కాదు, ఇంకెన్నడూ పెట్టలేదు.

ఇప్పుడు మా వైపు గొర్రె ఈసుకపోతే కుర్రవాళ్లు తొడుగులు వేసుకుని, గుంత తీసి సున్నం చల్లి పూడ్చి, ఫోన్ చేస్తారు. పశువుల దవాఖాన మనిషీ, మనుషుల దవాఖాన మనిషీ ఒకే జీపులో దిగి పాలను, కుంటను, ఇంట్లో జ్వరాన్ని అన్నిటినీ అనుమానిస్తారు, ఏ ఆడదాని చేతి మాటా ఎత్తరు. చూస్తే ఎంత సంతోషమో. ఆ వెంటనే అత్త గుర్తుకొస్తుంది. మేమంతా అనుమానం మానుకున్నాక కూడా మా మేనత్త, బతికినన్నాళ్లూ, ఎవరైనా పసిబిడ్డను ఎత్తుకోమని ఇస్తే, ముందు తన రెండు చేతుల వంకా చూసుకునేది.