జతకు రాని బండి

క్రూజర్ మోటారుసైకిలంటే నాకు మొదటి నుంచీ పడదు. కాళ్లు ముందుకు చాపి, వెనక్కి వాలి కూర్చుంటే చూసేవాళ్లకు దర్జాగానే ఉంటుంది గానీ, రోడ్డు మీది ప్రతి గుంతా నేరుగా నడుముకే తగులుతుంది. హోసూరు ఫ్యాక్టరీలో మిషన్ ముందు నిలబడి నిలబడి నా నడుము అప్పటికే చెడింది. టూరింగ్ బండి మీదైతే నిటారుగా కూర్చోవచ్చు, గుంత వస్తే పాదాల మీద లేవచ్చు, ముందున్న అద్దం గాలిని ఆపుతుంది. షోరూంలో రెండూ ఎక్కి చూసి, నాకు కావలసింది ఏదో అప్పుడే తేల్చుకున్నాను. అయినా ఇవాళ మా వాకిట్లో ఉన్నది క్రూజరే.

దానికి కారణం నా స్నేహితుడు. కెలమంగలంలో మావి ఎదురెదురు ఇళ్లు. వాళ్ల పట్టుపురుగులకు నేను కూడా మల్బరీ ఆకు కోసిన రోజులున్నాయి. పెద్దయ్యాక ఒకే ఫ్యాక్టరీలో చేరాం. చెరొక పెద్ద బండి కొనుక్కుని ధనుష్కోటి దాకా పోవాలని, రోడ్డు అయిపోయి సముద్రం మొదలయ్యే ఆ చివర ఇద్దరం నిలబడాలని, క్యాంటీన్‌లో ఏళ్ల తరబడి అనుకున్నాం.

మాది తమిళనాడులో కర్ణాటక అంచు, మా వైపు మాటల సంగతి కొంచెం చెప్పాలి. సూపర్‌వైజరుతో తమిళం, బెంగళూరు బస్సులో కన్నడం, మనవాళ్లతో తెలుగు. ఎవరితో ఏది మాట్లాడాలో ఎవరూ నేర్పరు, నోరే చూసుకుంటుంది. మా ఇద్దరి మధ్య తెలుగు తప్ప వేరే మాట ఎన్నడూ దొర్లలేదు. తిట్టుకున్నా తెలుగే.

షోరూంలో నేను టూరింగ్ బండి దగ్గర ఆగితే వాడు చెయ్యి పట్టి లాగాడు.

“అది వద్దప్పా. నాకు క్రూజరే కావల్ల. నువ్వు దాన్ని తీసుకుంటే నూరులో పోతావు, నేను ఎనబైలో వొస్తాను. నువ్వు యాడో టీ అంగట్లో కూచోని నాకోసరం కాసుకోని ఉండాల. అట్లయితే జత ఎట్ల అయితాది? ఒగ కాడికి రెండు తీర్ల ఎద్దులు కడతామా?”

“నాకు నడుము నొప్పి కదప్పా.”

“నొప్పి పుడితే నేను లేనా? ఆడాడ నిలిపి నిలిపి పోదాములే.”

ఆ “నేను లేనా” దగ్గర పడిపోయాను. క్రూజరే తీసుకున్నాను. వాడు మాత్రం కోరిన రంగు రాలేదని, రాగానే తెచ్చుకుంటానని అన్నాడు. ఎప్పుడు అడిగినా ఆ రంగు ఇంకా రాలేదు. ఏం రంగో ఆ మహారాజుకి! నేను మాత్రం నమ్మాను.

ఒక ఆదివారం పొద్దున, కొత్త ఇంజను కాస్త అలవాటు పడాలని ఒంటరిగా కృష్ణగిరి వైపు బయలుదేరాను. శూలగిరి దాటేసరికే నడుము నొప్పి మొదలైంది. కృష్ణగిరికి ముందు ఒక టీ అంగడి దగ్గర ఆపాను. అక్కడ వరసగా టూరింగ్ బండ్లు, వెనక పెట్టెలు, ముందు అద్దాలు. గ్లాసులు పట్టుకున్న గుంపు మధ్యలో వాడు. కొత్త టూరింగ్ బండి తాళంచెవి వాడి వేలికి తిరుగుతోంది.

“ఎప్పుడు తెచ్చినావప్పా?” అన్నాను. నా గొంతులో ఇంకా సంతోషమే ఉంది. నా బుద్ధి అంత ఆలస్యం.

వాడు తడబడి, వాళ్ల వైపోసారి చూసి, నాతో తమిళంలో అన్నాడు.

“వాంగ, వాంగ. నల్లా ఇరుక్కీంగళా?”

రండి రండి, బాగున్నారా అని! బుద్ధెరిగాక వాడు నన్ను మీరు అన్నది అదే మొదలు. చెంప మీద కొట్టినా నాకంత మంట పుట్టేది కాదు.

“మా ఊరాయన,” అని వాళ్లకు చెప్పాడు, అదీ తమిళంలోనే. ఇన్నేళ్ల స్నేహానికి మిగిలింది ఆ రెండు మాటలు. గుంపులో ఒకాయన మర్యాదకు, వచ్చే నెల ధనుష్కోటికి ఈయన కూడా వస్తున్నారా అని అడిగాడు. వాడు టీ గ్లాసులోకి చూస్తూ జవాబిచ్చాడు. ఆయనది క్రూజర్, మన వేగానికి రాదు, మనం ఆగి ఆగి పోవాల్సి వస్తుంది అన్నాడు.

ఏ మాటతో నన్ను కాడికి కట్టాడో, అదే మాటతో విప్పి తోలేశాడు. నాతో క్రూజర్ కొనిపించేటప్పటికే ఈ గుంపు వాడికి తెలుసో, తర్వాత తగిలిందో నాకు తెలియదు. తెలుసుకోవాలనీ లేదు. ఎలా చూసినా మోసపోయింది నేనే. టీ తాగకుండానే బండి వెనక్కి తిప్పాను.

ఆ సాయంత్రం వాడు ఫోన్ చేశాడు. మళ్లీ తెలుగు, ఆ పాత గొంతు.

“కోపమాప్పా? వాళ్ల ముందర ఏం చెప్పేదో నాకు తెలీలేదు. ఏం, నేను నీవాణ్ణి కాదా?”

తిట్టడానికి నోటి నిండా తెలుగు ఉంది. చిన్నప్పటి నుంచీ వాడి మీద వాడిన తిట్లే అన్నీ. ఒక్కటీ ఖర్చు పెట్టబుద్ధి కాలేదు.

“పరవాయిల్లీంగ,” అన్నాను. పరవాలేదండీ అని, తమిళంలో.

వాడికి అర్థమైంది. ఫోన్ పెట్టేశాడు.