పండుగప్ప పిల్లలకు కొసరు

రఘునాథపల్లి యాకయ్య మా కిరాణా దుకాణానికి పాత గిరాకీ. కిందటేడు అతను కుంటలో వేసిన పండుగప్ప చేపపిల్లలు నెల తిరక్కముందే మాయమయ్యాయి. "ఈసారి గూడ బతకకుంటే కుంట పూడ్చి పత్తి పెడ్దమంటాంది మా ఇంటామె. నాకు బేరం రాదు. బాపట్ల దాకా జర తోడు రా సేటూ" అన్నాడు. బేరం అంటే నేను నిద్రలోంచైనా లేస్తాను.

పొద్దున ఏడింటికి వరంగల్‌లో జనరల్ బోగీ ఎక్కాం. ఖమ్మం దాటాక ఇడ్లీ తిన్నాం, మధ్యాహ్నానికి బాపట్లలో దిగాం. లాడ్జి అద్దె మూడో వంతు తగ్గించాను. దాంతోపాటు వేడినీళ్లూ పోయాయి.

సముద్రం ఒడ్డున చేపగుడ్లు పొదిగించి పిల్లలను అమ్మే కేంద్రానికి ఆటోలో అరగంట. దాన్ని నడిపే సుభాషిణి గారు రెండు తొట్లు చూపించారు. ఒకదాంట్లో చిటికెన వేలంతవి, పక్కదాంట్లో అందులో సగం.

"అన్నీ ఒకే రోజు పుట్టినవేనండి. మొదట్లో మేత బాగా అందిన పిల్ల తొందరగా ఎదిగి, వేరేదాని నోటికి పట్టనంత అవుతుంది. వెనకబడిన పిల్ల, నిన్న పక్కన ఈదినదానికే ఇవాళ మేత. సముద్రంలోనూ చిన్నవాటికి ఇదే గండం. అందుకే మేం మూడు రోజులకోసారి సైజు చూసి విడదీస్తాం."

యాకయ్య తొట్టి అంచు పట్టుకుని లోపలికి వంగి చూశాడు. "రోగమచ్చి పోయినయనుకున్న మేడం. ఒకదాన్నొకటి తిన్నయా?"

నేను మాత్రం సరుకు గురించి అంత చెబుతున్నారంటే ధర దించరన్నమాటే అనుకున్నాను. నిజంగానే దించలేదు. తూచాక గుప్పెడు కొసరు పడనిదే మా బజారులో బేరం తెగినట్టు కాదు. తెల్లారి మేం కొన్న చిన్న సైజు పిల్లలను ఆక్సిజన్ నింపిన సంచుల్లో కట్టి, నాలుగు పెట్టెల్లో సర్దుతున్నారు. సుభాషిణి గారు అటు వెళ్లగానే, సంచులు కట్టే అతన్ని బతిమాలి, చివరి సంచిలో కొసరు వేయించాను. అదీ చిటికెన వేలంతవి ఉన్న తొట్టిలోంచి, ఏరి ఏరి, పెద్దవి పది.

తిరుగు రైల్లో ఎదురుగా కూర్చున్న ముసలమ్మ అడిగింది. "కూరకా బిడ్డా?"

"కాదవ్వా, పెంచుకోనికి" అంటూ యాకయ్య చూపిద్దామని పై పెట్టె మూత తీశాడు. సంచిలో ఒక పెద్ద పిల్ల నోట్లోంచి చిన్న తోక బయటికి వేలాడుతోంది.

"ఇండ్ల పెద్దయెట్లొచ్చినయి?" అని నన్నడిగాడు.

చెప్పాను. ముసలమ్మ నోరు నొక్కుకుంది.

"నీ కొసరు తింటాంది సేటూ" అన్నాడు యాకయ్య. గాలి పోతుంది కాబట్టి సంచి విప్పడానికి లేదు. మూత పెట్టి కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. డోర్నకల్ దగ్గర, ఆ సంచి ఖర్చు నాదే అన్నాను.

"పైసలకు ఫికర్ లేదు. పిల్ల బతకాలె."

వరంగల్‌లో దిగాం. స్టేషన్ బయట మూడు పెట్టెలు ఆటోలో ఎక్కించి, కొసరు పడిన నాలుగోది నా చేతుల్లో పెట్టాడు.

"ఇది మీ ఇంట్ల తొట్టిల పొయ్యి. పెద్దయన్ని ఏరు. చిన్నయి ఎన్ని మిగిల్తె అన్ని రేపు కుంట కాడికి నువ్వే పట్టుకరా."

సరే అన్నాను. ఎదుటివాళ్లు చెప్పిన మొదటి మాటకే ఒప్పుకోవడం నాకు అదే మొదలు.