దుమ్ము చూపించిన పెద్దమ్మ

పేదల వాడల తెలివికీ పట్నపు పెట్టుబడికీ పరిచయం చేయించడం తమ శాఖ పనో కాదో ఇంకా తేల్చుకోని గౌరవనీయ అధికారులకు, నకలు పాఠకులకు: ఏ ఉత్తర్వూ లేకుండా ఆ పనిని మార్కాపురం పలకల కాలనీలో నిర్వహించిన మా పక్కింటి పెద్దమ్మ గతవారం ఆయాసంతో కన్నుమూసిందని విచారంతో తెలియజేయడమైనది. ఖాళీ భర్తీకి ప్రకటన వెలువడలేదు.

వయసులో ఉన్నంతకాలం ఆమె రాతిపలకలు కోసింది. ఊపిరి చాలక మానేసి బజ్జీల బండి పెట్టుకుంది. కాలనీలో ఎవరు ఏ పనిముట్టు తయారుచేసినా ముందు ఆమెకే తెలిసేది. హైదరాబాదు నుంచి పెట్టుబడిదారుడెవరైనా వస్తే బండి దగ్గరే ఆపి, ఎవరి పిల్లోడివని, అమ్మానాయనలు ఏం చేస్తారని విచారించి, ఆ తర్వాతే పనిముట్టు చేసినవాడి దగ్గరికి తీసుకెళ్లేది. ఈ విచారణ నుంచి ఎవరికీ మినహాయింపు ఉండేది కాదు. "పిల్లోడి సంగతి కనుక్కోకుండా, పిల్లను చూపకుండా సంబంధం కలుపుకోరు గదా" అనేది.

ఎదురింటి కోత మేస్త్రి పాత కూలరు మోటారుతో, తడి గోనెపట్టాలతో ఒక గొట్టం తయారుచేశాడు. రాయి కోసేటప్పుడు లేచే దుమ్మును అది అక్కడికక్కడే లాగేస్తుంది. పెట్టుబడి దొరికితే కాలనీలోని యంత్రాలన్నిటికీ ఆ గొట్టం వస్తుంది. దొరక్కపోతే ఊపిరితిత్తులు యథాపూర్వం కొనసాగుతాయి.

పెట్టుబడిదారుడు వచ్చే రోజు కాలనీ ఘోరమైన పరిపాలనా తప్పిదం చేసింది. చుట్టం వస్తున్నాడని ముందురోజే యంత్రాలు ఆపి, షెడ్డు కడిగి, ముగ్గేసి, గొట్టానికి బంతిపూల దండ కట్టింది. ఆయన చుట్టూ చూసి, ఇంత శుభ్రంగా ఉంటే సమస్య ఎక్కడుందని మర్యాదగానే అడిగాడు. మేస్త్రి గొట్టానికున్న దండను సర్దాడు.

పెద్దమ్మ కుర్చీని రంపం పక్కకు జరిపింది.

"కూసో నాయనా. మిషినెయ్యి అబ్బయ్యా, గొట్టం పెట్టొద్దు."

"ఆయప్పది తెల్లచొక్కా పెద్దమ్మా, పాడైతాది" అన్నాడు మేస్త్రి.

"చొక్కా ఉతుక్కుంటాడులే. లోపలికి పోయిన దుమ్ము ఉతుక్కునేదానికి అయితాదా?"

రాయి కోశారు. చొక్కా బూడిదరంగుకు మారింది. ఆయన దగ్గి దగ్గి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అప్పుడు పెద్దమ్మ గొట్టం తగిలించి మళ్లీ కోయించింది. ఈసారి ఆయనకు దగ్గు రాలేదు. నీళ్ల చెంబు అందిస్తూ, "ఇప్పుడు చెప్పు" అంది.

పెట్టుబడికి ఒప్పుకున్నాడు. మా వీధి యంత్రాలకు గొట్టాలు వచ్చాయి. వెనక వీధి సంగతి మరోసారి వచ్చి చూసి తేలుస్తానన్నాడు. మంచం పట్టాక పెద్దమ్మ నాకు అప్పగించిన పని అదొక్కటే: "ఆయప్ప మళ్లీ వస్తాడు. ఈళ్లు మళ్లీ ఊడ్చిపెడతారు. నువ్వు చూసుకో."

పాడె మోసింది వెనక వీధి కోత కూలీలే. శ్మశానం చేరేలోగా దగ్గు ఆపుకోలేక ఒకరి తర్వాత ఒకరు భుజం మార్చుకున్నారు.

కావున డిమాండు నంబరు 1: ఆయన వచ్చే రోజున వెనక వీధిలో ఎవరూ చీపురు పట్టరాదు.