కెమెరా పెట్టె మోసినావిడ

పటాలు కట్టే అత్త అంటే ఆ పేటలో తెలియనివాళ్ళు లేరు. దుకాణంలో ఒక పక్క గాజుపలకలు, ఒక పక్క రంపప్పొట్టు, మధ్యలో అత్త, అత్త నోరు. "గాజుకి అంటుకున్న ఫోటోని పీకావంటే మీ తాత ముక్కు గాజుకే ఉండిపోతుంది. తర్వాత నన్ను అడగొద్దు" అని గదమాయించేది. అలాంటివాటిని కిటికీ వెలుతురులో ఏటవాలుగా ఆనించి, గాజు మీద నుంచే ఓపిగ్గా కాపీ తీసేది. తమ ఆదివాసీ ఇళ్ళలోని పాత ఫోటోలన్నీ అలా చేరదీసి, ఒక పేజీలో తమ భాష, ఎదురు పేజీలో బయటివాళ్ళ భాషతో పుస్తకం వేయించడానికి నడుం కట్టింది. "ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత! మన పెళ్ళి ఫోటోకి ఇప్పటికీ ఫ్రేము లేదు" అని మొగుడు దెప్పేవాడు.

ఒక గుంపు ఫోటోలో మీసాలాయన కోసం మూడు ఇళ్ళవాళ్ళు మా తాతంటే మా తాతని కొట్టుకున్నంత పని చేశారు. ఆ చివర కెమెరా పెట్టె మోస్తూ నిలబడ్డ బక్కపలచని ఆవిడ మాత్రం ఎవరికీ ఏమీ కాదట!

"గుర్తు తెలియని స్త్రీ అని వేసేద్దామండీ" అన్నాడు ప్రెస్సాయన. అత్తకి ఒళ్ళు మండింది.

"మన పుస్తకంలోనే మనవాళ్ళు గుర్తు తెలియనివాళ్ళయితే, ఇంకెందుకయ్యా ఆ పుస్తకం?" అని అచ్చు ఆపించింది.

ఫ్రేములకి బద్దలు చెక్కి ఇచ్చే ముసలి వడ్రంగిని అడిగింది. "నాకేం తెలుసమ్మా" అన్నాడాయన, ఫోటో వైపు చూడకుండానే. చూడకుండా తెలియదన్నాడంటే తెలుసన్నమాటే. అయినా అంత నోరున్న మనిషీ ఇంకో మాట అడగలేదు. ఆవిడ గొప్పతనమంతా అక్కడే ఉంది.

ఇక ఆగడం నావల్ల కాదని ప్రెస్సాయన చెప్పిన రోజున వడ్రంగి తనే వచ్చాడు.

"ఆవిడ మా అమ్మ. ఈ ఫోటోలు తీసిన బయటి ఆయన్ని పేటకి తీసుకొచ్చింది ఆవిడే. ఆ ఏడాదే బయటివాళ్ళొచ్చి మన భూములు లాక్కున్నారు. మన ముఖాలు బయటివాళ్ళకి అమ్ముకుందని అందరూ అమ్మని వెలేశారు. నేనూ ఆవిడ కొడుకునని చెప్పుకోవడం మానేశాను."

అత్తకి ఏడుపు ఆగలేదు. "ఆవిడే తీసుకురాకపోతే, ఈ ముఖాల్లో ఒక్కటైనా మనకి మిగిలేదా బాబాయ్?"

ముసలాయన తల్లి పేరు చెప్పాడు. అత్త రాసుకుంది. "బయటివాళ్ళకి ఈ పేరు తెలియడం ఇష్టం లేకపోతే, మన భాషలో మాత్రమే వేయించమంటావా?"

"రెండింట్లోనూ వెయ్యమ్మా. పక్కనే నా పేరు కూడా వెయ్యి, కొడుకని."