మెదక్‌లో లేయర్ల శిక్షణ

జూబ్లీ బస్ స్టేషన్‌లో మెదక్ ఎక్స్‌ప్రెస్ పొద్దున ఆరుంబావుకు కదిలింది. ఆధార్ కార్డు చూపించి, ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ తీసుకున్నాను. ఈ దారిన వెళ్లదలచినవారికి ఒక సలహా. కుడివైపు కిటికీ సీటు కోసం కొట్లాడకండి, పొద్దుటి ఎండంతా ఆ వైపే.

అసలు నా ప్రయాణం ఎందుకో చెప్పాలి. అడవుల మీద, చెరువుల మీద, పక్షుల మీద పరిశోధన చేసే పర్యావరణ శాస్త్రవేత్తలకు మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్లు కుప్పలుతెప్పలుగా ఉన్నాయి. ఏది దేనికి పనికొస్తుందో తెలియక వాళ్లు తలలు పట్టుకుంటారు. వాటిని పనిని బట్టి విడదీసి ఒక వరుసలో పెట్టడం మా చిన్న సంస్థ నెత్తిన వేసుకున్న బాధ్యత. సంస్థ అంటే ఎక్కువ ఊహించుకోకండి, ఆ పని చేసేది నేనొక్కదాన్నే. రెండేళ్లుగా సర్దుతున్నాను, వాడినవాళ్లు మాత్రం కనిపించలేదు. మెదక్ శిక్షణలో హాలు నిండుగా ఉన్న ఫొటో రావాలని, రాకపోతే నా ఉద్యోగం ఈ నెలాఖరుతో సరి అని డైరెక్టరుగారు తేల్చేశారు. మెదకే ఎందుకంటే పోచారం అడవి దగ్గర, హాలు కిరాయి తక్కువ.

నర్సాపూర్‌లో పది నిమిషాలు ఆపారు. ఇడ్లీ వేడిగా ఉంది, చట్నీ నీళ్లగా ఉంది. అడవి దాటేదాకా రోడ్డు పక్కన కోతులు బస్సు కిటికీల్లోకి తొంగిచూస్తూనే ఉన్నాయి. తొమ్మిదికల్లా మెదక్ చర్చి శిఖరం కనిపించింది.

హాలు చూసుకునే దేవదానం సారు రిటైరైన టీచరు. గేటు దగ్గరే ఎదురొచ్చి, కుర్చీలు సాలక పక్క ఫంక్షన్ హాలు నుంచి తెప్పించానని సంబరంగా చెప్పారు. నా గుండె నిండిపోయింది. లోపలికి వెళ్లి చూస్తే ముందు వరుసలో ఒకాయన ఒళ్లో అట్టపెట్టె ఉంది, అందులోంచి ఒక కోడి తల పైకెత్తి నన్నే చూస్తోంది.

అప్పుడు ఫ్లెక్సీ చదివాను. ‘లేయర్ల సక్రమ అమరికపై ఉచిత శిక్షణ, భోజనం కలదు.’ నేను పంపిన ‘పర్యావరణ శాస్త్రవేత్తలకు’ అన్న మాట జాగా చాలక తీసేశారట. మ్యాపులో ఒకదానిమీద ఒకటి పరిచే పొరను మేము లేయర్ అంటాం. ఈ చుట్టుపక్కల షెడ్లున్న రైతులకు లేయర్ అంటే గుడ్లు పెట్టే కోడి.

దేవదానం సారును పక్కకు పిలిచి ఫొటో సంగతి, ఉద్యోగం సంగతి చెప్పి నా గోడు వెళ్లబోసుకున్నాను. ఆయన, పరేషాన్ కాకుండ్రి, మాట్లాడుతూ ఉండుండ్రి అన్నారు.

మాట్లాడాను. లేయర్లను ఒకదానిమీద ఒకటి పేర్చవచ్చని చెబితే, అందరూ తెలిసిన సంగతే అన్నట్టు తలలూపారు. అవసరం లేని లేయర్‌ను ఆఫ్ చేయవచ్చన్నాను. కోడి తెచ్చినాయన లేచాడు. పేరు కిష్టారెడ్డి, కౌడిపల్లి దగ్గర షెడ్డు ఉందట.

“ఆఫ్ చేసుడంటే కోసుడా మేడం?”

కాదు, దాచిపెట్టడం అన్నాను. అట్లయితే మేత ఎవరు వేస్తారని వెనకనుంచి ఎవరో అడిగారు. నేను గబగబా తర్వాతి స్లైడుకు వెళ్లిపోయాను.

నిజమైన శాస్త్రవేత్తలు ఐదుగురు వచ్చారు. వాళ్లకు ఈ గోలేమీ పట్టలేదు. ఒక సాఫ్ట్‌వేర్‌ను పక్షుల అరలో పెట్టాలా, ఉపగ్రహ చిత్రాల అరలో పెట్టాలా అని పన్నెండింటిదాకా వాదించుకున్నారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అన్న రకం ఒక్కొక్కరు. బగారన్నం, కోడికూర తిని, ఇది తేలే వ్యవహారం కాదని రెండు జీపుల్లో పోచారం చూడటానికి వెళ్లిపోయారు. కోళ్ల రైతులు మాత్రం ఒక్కరూ కదల్లేదు. ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది, వెంటనే డైరెక్టరుగారికి పంపాను.

సాయంత్రం నాలుగింటి బస్సు ఎక్కేసరికి డైరెక్టరుగారి మెసేజ్ వచ్చింది. మెదక్‌లో ఇంతమంది శాస్త్రవేత్తలున్నారని అనుకోలేదని, వాళ్ల మొహాల్లోనే మట్టితో అనుబంధం కనిపిస్తోందని, నా ఉద్యోగం ఇంకో ఏడాది పొడిగించామని దాని సారాంశం. సంతోషపడేలోపే కిష్టారెడ్డి వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. వారంగా తన షెడ్డులో కోళ్లు గుడ్లు తగ్గించాయని, ఇట్లాగే పోతే షెడ్డు మూసుకోవాల్సిందేనని చెప్పాడు. నాకు సిగ్గుతో మొహం ఎత్తబుద్ధి కాలేదు.

“నాకు కోళ్ల గురించి ఏమీ తెలియదు కిష్టారెడ్డిగారూ,” అన్నాను.

“గది మాకు పొద్దుగాలనే ఎర్కైంది మేడం. ఫొటో దిగకుంటె మీ నౌకరి పోతదని దేవదానం సారు చెప్పిండు. అన్నం తిన్నంక లేవబోయినోళ్లను నేనే కూసోబెట్టిన.”

కళ్లల్లో నీళ్లు తిరిగాయి. చర్చి, చెరువు, కోట చూడటానికి మెదక్ వెళ్లేవాళ్లుంటారు. నేను అవేవీ చూడలేదు, నా ఉద్యోగాన్ని నిలబెట్టిన మనుషుల్ని చూసి వస్తున్నాను. మా శాస్త్రవేత్తలు ఐదుగురిలో ఒక్కరికీ పట్టని నా బతుకు వీళ్లకెందుకు పట్టిందో నాకు అర్థం కాలేదు.

కౌడిపల్లిలో దిగుతూ కిష్టారెడ్డి వెనక్కి తిరిగాడు.

“ఇంకోపాలి గిట్లనే పెట్టుండ్రి మేడం, అందరం వస్తం. జర ఒక కోళ్ల డాక్టర్ను గూడ తీస్కరాండ్రి.”