కంప తీయని దారి

ఆదివారం ఆరాధన మధ్యలో మనిషి వచ్చి, “మామ పోయినాడన్నా” అన్నాడు. సంఘానికి వాక్యం చెబుతున్న నా చేతిలో బైబిలు తెరిచే ఉంది. మూసి బయల్దేరాను.

కదిరి అవతలి మెట్టలో మాది చిన్న గుట్ట, దాని చుట్టూ మూడు పల్లెలు. పోయినాయన మా వీధివాడు, నాకు వరసకు మామ. గుట్ట గడ్డికి కావలి ఆయనే. వానలు మొదలవగానే గుట్ట దారికి అడ్డంగా రేగుకంప వేసేవాడు. గడ్డి విత్తనం నేల రాలేదాకా ఎవరి మేకా గుట్ట ఎక్కకూడదు. రోజూ పొద్దున ఒక కంకి అరచేతిలో నలిపి, ఊది చూసేవాడు. విత్తనం ముదరక చేతికి పచ్చి పాలు అంటితే, “ఇంగా పాల మీదుండాది” అని తిరిగొచ్చేవాడు.

ఒక కరువు ఏడాది మేకలు డొక్కలెండి కూలబడుతుంటే, మా సంఘంవాళ్ళు నన్ను ముందు పెట్టుకుని కంప దగ్గరికి పోయారు. ఆకలిగొన్న ప్రాణికి మేత అడ్డుకునే హక్కు ఎవరిచ్చారని గొంతెత్తాను. ప్రవక్తల దగ్గర మొదలుపెట్టి సువార్తల దాకా వచ్చాను. మామ బండ మీద కూర్చుని అంతా విన్నాడు.

“అయిపాయనా అల్లుడా? బాగా చెప్పినావు. విత్తనం రాలనీ.”

“అప్పటికి మేకలుండాల కదా మామా?”

“ఏసుసామి చెప్పిన విత్తేటోని కత మొన్న నువ్వే చెప్తివే. విత్తనమే మేపేస్తే ఆ కత యాడుంటాది?”

మావాళ్ళే నవ్వారు.

మరునాడు చూస్తే మామ తన కొట్టం పైకెక్కి, కప్పు గడ్డి పెరికి కింద పడేస్తున్నాడు. “తీసుకపోండప్పా. ఉప్పునీళ్ళు సల్లి పెట్టండి.” అత్త తిడుతూనే మోపులు కట్టి మాకిచ్చింది. “వానొస్తే ఈ మనిషి నెత్తిన చాట పెట్టుకోని పండుకుంటాడు.”

తరువాత నేను ఎక్కడ త్యాగం గురించి చెప్పినా, ఆ కప్పులేని కొట్టమే కళ్ళముందు ఉండేది.

శ్మశానానికి దగ్గర దారి గుట్ట మీదుగానే. పాడె కంప దగ్గర ఆగింది. మూడు పల్లెల మనుషులూ ఉన్నారు, వెనక మామవీ వాళ్ళవీ మేకలూ ఉన్నాయి. “ఆయప్ప కోసమే కదా, తీద్దాం” అన్నాడొకడు. ఎవరూ కదలలేదు. ఒకసారి తీస్తే, మళ్ళీ వేసే మనిషి పాడె మీద ఉన్నాడు.

అంతదాకా వచ్చిన అత్త కంప సందులో చెయ్యి పెట్టి ఒక కంకి తుంచింది. నలిపి, ఊదింది. అరచెయ్యి తడిగా మెరిసింది.

“ఇంగా పాల మీదుండాది. సుట్టు తిరిగి పోండప్పా.”

పాడె మూడు పల్లెల మీదుగా గుట్ట చుట్టి పోయింది. ఆ దారంతా నేను బైబిలు తెరవలేదు. మలుపులో వెనక్కి చూస్తే, మామ మేకలు కంప మీదుగా మెడలు చాపి నిలబడి ఉన్నాయి. అవతల గడ్డి గాలికి వంగి లేస్తూ ఉంది.